ఎత్తుకు పైఎత్తు ఉన్నంతవరకూ

పోయిన సెప్టెంబరులో ఒక గురువారం సాయంత్రం మా చిన్నోడి హైస్కూల్ మైదానంలో, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో, డౌన్ నంబరు చూపించే కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాను. పది గజాలు ముందుకెళ్ళడానికి జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి, ఒక్కో అవకాశం ఒక డౌన్. ఆట ఎవరి మైదానంలో జరిగితే ఆ బడి పిల్లల తల్లిదండ్రుల్లో ముగ్గురు నలుగురు ఈ పని చేయాలి. ఇద్దరు ఆ పది గజాలు కొలిచే గొలుసు పట్టుకుంటారు, ఒకరు కర్ర పట్టుకుంటారు. స్టాండ్స్‌లో ఎవరికీ దొరకని చోటు దొరుకుతుంది. బంతి ఉన్న గీతకు సరిగ్గా ఎదురుగా, పిల్లల ఎగశ్వాస వినిపించేంత దగ్గర. ఒకటే షరతు. చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు. కర్ర చేతిలో ఉన్నంతసేపూ నేను ఏ జట్టు మనిషినీ కాదు.

మా మైదానంలో గొలుసు అవతలి జట్టు నిలబడే వైపు ఉంటుంది. అందుకే ఆ మాట నా చెవిన పడింది.

ఆట చివర్లో మా వాళ్ళు టచ్‌డౌన్ చేశారు, అంటే బంతిని అవతలివాళ్ళ చివరి గీత దాటించారు. అయినా స్కోరు 14-12, అవతలివాళ్ళదే పైచేయి. టచ్‌డౌన్ తరవాత దొరికే అదనపు ప్రయత్నంలో బంతిని తన్ని ఒక్క పాయింటు తెచ్చుకున్నా ఓటమే. సమం కావాలంటే రెండు కావాలి, అందుకు బంతిని మళ్ళీ ఆ గీత దాటించాలి. అప్పుడు మా పిల్లలు గుంపుగా ఎడమ పక్కకు, బంతికి పదిహేను గజాల దూరం వెళ్ళిపోయి అక్కడ బారు తీరారు. బంతి దగ్గర మా చిన్నోడొక్కడే వంగి ఉన్నాడు. అతని వెనక ఏడు గజాల దూరంలో బంతి పట్టి నిలిపే కుర్రాడు మోకాలి మీద, వాడి వెనక తన్నేవాడు. దీన్ని స్వింగింగ్ గేట్ అంటారు. పాత ఎత్తే. అవతలి పిల్లలు మా గుంపుకేసి పరిగెత్తారు. మా వాడు బంతి వెనక్కి ఇచ్చి, తల పైకెత్తి, ఎవరూ లేని చోటికి నాలుగు అడుగులు వేశాడు. మోకాలి మీదున్న కుర్రాడు లేచి బంతి మెత్తగా వాడి చేతుల్లోకి విసిరాడు.

రెండు పాయింట్లు. అంతలోనే తప్పు జరిగిందని చెప్పే పసుపు గుడ్డ గడ్డి మీద పడింది. బంతి అందించిన సెంటర్ పాస్ పట్టుకోకూడదని ఒక అంపైర్ తేల్చాడు. పాయింట్లు పోయాయి, ఆట పోయింది. నాకు రెండడుగుల దూరంలో ఉన్న అవతలి కోచ్ తన సహాయకుడివైపు తిరిగి, ఇది ఫుట్‌బాల్ కాదు, గారడీ అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా నమ్మి అన్నాడు. అందుకే ఆ మాట నాతో ఇంటిదాకా వచ్చింది.

పల్లీలు, పుట్నాలు

ఆ రాత్రి భోజనాల బల్ల మీద మా వాడు పదకొండు పల్లీలు, పదకొండు పుట్నాలు పేర్చాడు. "నాన్నా, నేను చివర్న ఉన్నా కదా. మిగతా ఆరుగురూ నాకు ఎడమవైపే. నా కుడి పక్కన ఎవరూ లేరు. చివర ఉన్నవాడు పట్టుకోవచ్చు. నా నంబరు 84." ఇంతే వాడి వాదన. ఇది సరైన వాదన. పాస్ పట్టుకునే అర్హత రెండు విషయాలను బట్టి వస్తుంది. ఒకటి నిలబడిన చోటు, రెండోది చొక్కా మీది నంబరు. బంతి ఉన్న గీత మీద ఏడుగురుంటే ఆ వరుసకు రెండు చివర్ల ఉన్న ఇద్దరు, వెనకున్న నలుగురు, మొత్తం ఆరుగురు. 50 నుంచి 79 దాకా నంబర్లున్న వాళ్ళకు ఆ అర్హత లేదు. సెంటర్ అన్న పేరు మూలంగా వాడు మధ్యలో ఉండాలనేం లేదు. ఆ రోజు మా సెంటర్ చివరి మనిషి.

నిబంధనల పుస్తకం తెరిచి చూశాను. వాడు చెప్పిందే నిజం. ఆ అంపైర్ మీద నాకు కోపం లేదు. హైస్కూల్ ఆటలకు వచ్చేవాళ్ళు పగలు వేరే ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం చారల చొక్కా తొడుక్కునేవాళ్ళు. ఏడాదికోసారి కనబడే మోహరింపును అర సెకనులో తేల్చమంటే పొరపాటు జరుగుతుంది. నన్ను నిద్రపోనివ్వనిది ఆ కోచ్ మాట. గారడీ అంటే చూసేవాడికి తిరుగులేనిది. గారడీవాడి చేతిలో నాణెం ఏమైందో కనిపెట్టే దారి మనకుండదు. మరి మా వాడు? మైదానం మధ్యలో, లైట్ల కింద, ఇరవై రెండు మందికీ కనబడేలా నిలబడ్డాడు. ఒక్క పుట్నం గింజ వాడికి ఎదురుగా నిలబడి ఉంటే ఆ పాస్ లేదు. ఇది గారడీ కాదు, ఎత్తు. కుస్తీలోనూ చదరంగంలోనూ మనం వాడే ఎత్తు. ఎత్తుకు పైఎత్తు ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పైఎత్తుకు చోటున్న ఏ మోహరింపునూ నిషేధించకూడదు, అది ఎంత వింతగా కనబడినా సరే.

పీడ్‌మాంట్ పిల్లల రెండేళ్ళు

ఈ విషయంలో నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి మేముండే చోటికి గంట ప్రయాణం కూడా లేని ఊళ్ళో జరిగింది. కాలిఫోర్నియాలో ఓక్లండ్ నగరం నాలుగు వైపులా చుట్టేసిన చిన్న పట్టణం పీడ్‌మాంట్. జనాభా 11,000 ప్రాంతం. అక్కడి హైస్కూల్ జట్టు కోచ్ కర్ట్ బ్రయన్, ఆయనతో కలిసి పనిచేసే స్టీవ్ హంఫ్రీస్ 2007లో ఏ-11 అనే పద్ధతి తెచ్చారు. పదకొండు మందిలో ఎవరైనా పాస్ పట్టుకునేవాడు కావచ్చు అన్నది ఆ పేరులోని భావం. తమకంటే పెద్ద బడుల మీద, తమ పిల్లలకంటే బరువైన పిల్లల మీద ఆడాలి. లైన్‌లో నిలబెట్టడానికి భారీ మనుషులు లేరు. ఉన్న మనుషులతోనే ఏం చేయగలమని ఆలోచించారు.

అప్పటి హైస్కూల్ నిబంధనల్లో, బంతి అందుకునేవాడు గీతకు ఏడు గజాలో అంతకంటే ఎక్కువో వెనక ఉంటే దాన్ని కిక్ మోహరింపుగా లెక్కించేవారు. అలాంటప్పుడు 50-79 నంబర్లవాళ్ళు ఐదుగురు ఉండితీరాలన్న షరతు వర్తించేది కాదు. అది ఏ డౌన్‌లో అన్నది ఎక్కడా రాయలేదు. పీడ్‌మాంట్ వాళ్ళు ప్రతి డౌన్‌లోనూ అలాగే నిలబడ్డారు. మధ్యలో కొద్దిమంది, రెండు పక్కలా దూరంగా ముగ్గురేసి గుంపులు, అందరికీ పాస్ పట్టగల నంబర్లే. ముందు అందరూ గీతకు కాస్త వెనక నిలబడతారు. తరవాత కొందరు ఒక అడుగు ముందుకేసి గీత మీదకొస్తారు, మిగతావాళ్ళు వెనకే ఉంటారు. అందరూ ఒక సెకను కదలకుండా ఉండాలి, ఆపైన బంతి కదులుతుంది. ఆ ఒక్క సెకనులో అవతలివాళ్ళు గీత మీది ఏడుగురెవరో, వాళ్ళలో చివరి ఇద్దరెవరో చూసుకోవాలి.

లెక్క వేస్తే ముచ్చటేస్తుంది. మామూలు ఆటలో అర్హులైన ఆరుగురెవరో ముందే తెలుసు. బంతి ముందు ఎవరికి చేరుతుంది, చివరికి ఎవరి చేతిలో ఉంటుంది అని చూస్తే ఆరు ఆర్లు 36 దారులు. పదకొండు మందిలోంచి ఆరుగురిని ఎంచుకోవడానికి 462 మార్గాలున్నాయి. 462ని 36తో గుణిస్తే 16,632. కాగితం మీది లెక్కే, మైదానంలో అన్నీ జరగవు. కానీ బక్కపలచని పిల్లల జట్టుకు ఆ లెక్క ఎంత బలమో చూడండి. అవతలివాడి ఒంట్లో ఉన్న అదనపు బరువు ఈ పదహారు వేల దారుల ముందు అక్కరకు రాదు.

2009 ఫిబ్రవరిలో హైస్కూల్ ఆటల జాతీయ సమాఖ్య నిబంధన మార్చింది. ఆ మినహాయింపును నాలుగో డౌన్, కిక్ సందర్భాలకు కుదించింది. ఏ-11 అక్కడితో ఆగిపోయింది. కర్ట్ బ్రయన్ 2014లో ఆ పేరుతోనే ఒక వృత్తి లీగ్ పెట్టబోయాడు. అది మొదలుకాకుండానే ఆగింది.

సమాఖ్య వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు, నేను తీసేయను. ఆ మినహాయింపు పెట్టింది బంతి తన్నే సందర్భం కోసం. భారీ లైన్‌మెన్ బదులు వేగంగా పరిగెత్తగల పిల్లలను దించుకోవడానికి. దాన్ని రోజంతా వాడుకోవడం నిబంధన రాసినవాళ్ళ ఉద్దేశం కాదు. 1981లో మెల్‌బోర్న్ క్రికెట్ ఆటలో ఆస్ట్రేలియా బౌలర్ ట్రెవర్ చాపెల్ ఆఖరి బంతిని నేల మీద దొర్లించినప్పుడు అది కూడా నిబంధనల్లో ఉందనే అన్నారు. అప్పుడు మనమందరం ఛీ అన్నాం. మరి ఏ-11 దానికంటే ఎలా మెరుగు?

చాలా రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. దొర్లించిన బంతి ఆటను ఆపేసింది. సిక్సర్ కొట్టే దారే లేకుండా చేసింది, బ్యాట్స్‌మన్ చేయగలిగింది ఏమీ మిగల్లేదు. ఏ-11 అందుకు విరుద్ధం. అవతలివాళ్ళు చేయాల్సిన పని పెంచింది. ఆ రెండేళ్ళలో పీడ్‌మాంట్ ఓడిన ఆటలూ ఉన్నాయి. అంటే ఆ పద్ధతిని చదివి, ఆపగలిగిన పిల్లలు అవతల ఉన్నారు.

బిల్ జార్జ్ చేసిన పని

పైఎత్తు ఎలా పుడుతుందో చూడాలంటే 1961 చూడాలి. వృత్తి జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ కోచ్ రెడ్ హికీ అంతకు ముందు ఏడాది, 1960 నవంబరులో, బాల్టిమోర్ కోల్ట్స్ మీద క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి అందుకుని ఆట నడిపించేవాణ్ణి, సెంటర్‌కు దూరంగా వెనక నిలబెట్టాడు. షాట్‌గన్ అన్నారు దాన్ని. ఆ ఆట గెలిచారు. 1961 మొదట్లో ఎదురొచ్చినవాళ్ళను చిత్తు చేశారు. ఆ తరవాత షికాగో బేర్స్ వచ్చింది. ముందు వరసకు వెనక కాపు కాసే బేర్స్ లైన్‌బ్యాకర్ బిల్ జార్జ్ తన చోటు వదిలి నేరుగా సెంటర్ ముఖానికెదురుగా వచ్చి నిలబడ్డాడు. షాట్‌గన్‌లో సెంటర్ తల వంచి, కాళ్ళ మధ్యలోంచి బంతిని దూరం విసరాలి. తల పైకి లేచేలోపు జార్జ్ వాడిని దాటిపోయాడు. 31-0తో బేర్స్ గెలిచింది. హికీ ఆ పద్ధతి వదిలేశాడు.

ఎవరూ దాన్ని నిషేధించలేదు. అందుకే 1975లో డల్లస్ కోచ్ టామ్ లాండ్రీ తన క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్ కోసం దాన్ని మళ్ళీ బయటికి తీయగలిగాడు. ఇవాళ టీవీ పెడితే షాట్‌గన్ లేని ఆట కనబడదు. 1961లో ఒక సంఘం కూర్చుని, క్వార్టర్‌బ్యాక్ చోటు సెంటర్ వెనకే, ఇది ఆట ఉద్దేశానికి విరుద్ధం అని రాసేసి ఉంటే ఇవాళ్టి ఆటే లేదు.

వైల్డ్‌క్యాట్ అనే మోహరింపు కథ కూడా ఇదే. 2007లో మయామి డాల్ఫిన్స్ ఒక్క ఆట గెలిచి 15 ఓడింది. 2008 సెప్టెంబరు 21న, అప్పటికి 21 రెగ్యులర్ సీజన్ ఆటలు వరసగా గెలిచిన న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మీదకు వెళ్ళి, క్వార్టర్‌బ్యాక్ చాడ్ పెనింగ్టన్‌ను ఓ పక్కకు పంపేసి, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్‌బ్యాక్ రానీ బ్రౌన్‌కు నేరుగా బంతి ఇచ్చింది. బ్రౌన్ నాలుగు టచ్‌డౌన్లు పరిగెత్తి, ఒకటి విసిరాడు. 38-13. నవంబరులో మళ్ళీ తలపడితే పేట్రియట్స్ 48-28తో గెలిచింది. పైఎత్తుకు రెండు నెలలు పట్టింది, అంతే. ఏ-11కి కాగితం అడ్డం రాకపోతే దాని బిల్ జార్జ్ ఎక్కడో ఒక బడిలో పుట్టేవాడు. పదహారేళ్ళ కుర్రాడు, పేరు మనకు తెలియకుండా పోయింది.

నిషేధించాల్సినవి

అన్నిటినీ వదిలేయమని నేననను. 1892లో యేల్‌తో ఆటకు హార్వర్డ్ తెచ్చిన ఫ్లయింగ్ వెడ్జ్ చూడండి. లోరిన్ డీలండ్ అనే వ్యాపారి, చదరంగం పిచ్చి ఉన్నవాడు, తను ఎన్నడూ ఫుట్‌బాల్ ఆడనివాడు, నెపోలియన్ యుద్ధాలు చదివి దాన్ని రచించాడు. రెండు గుంపులు దూరం నుంచి పరిగెత్తుకొచ్చి నాగలి కర్రులా కలిసి ఒకే ఒక్క మనిషి మీద పడతాయి. తెలివి గొప్పదే. కానీ ఆ ఒక్క మనిషికి పైఎత్తు ఏముంది? ఎముకలు విరగడమే. 1894లో నిషేధించారు. మంచి పని చేశారు. గుంపు మీద గుంపు పడే ఆట మాత్రం ఆగలేదు. 1905 ఒక్క సీజన్‌లోనే 18 మంది దాకా చనిపోయారన్న లెక్క వచ్చాక, ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్ళను పిలిచి మాట్లాడాక, 1906లో ముందుకు పాస్ విసరడాన్ని అనుమతించారు. ప్రాణాలు కాపాడాలని తెచ్చిన నిబంధన అది. 1913లో నోటర్‌డామ్ దాన్నే ఆయుధంగా చేసుకుని సైనిక అకాడమీ జట్టు ఆర్మీని 35-13తో ఓడించింది. నిబంధన రాసినవాడి ఉద్దేశం దగ్గరే ఆగాలంటే అది కూడా తప్పే కావాలి కదా.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది కార్లైల్. అమెరికా ఆదివాసీ పిల్లలను ఇళ్ళ నుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనీయని బడి. ఆ పిల్లలు 1903లో హార్వర్డ్ మీద ఆడుతూ, రెండో సగం మొదలవగానే బంతి పట్టి ఒకచోట మూగారు. బంతిని చార్లెస్ డిలన్ చొక్కా వెనక దూర్చారు. అందరూ చేతులు ఖాళీగా ఊపుతూ చెదిరిపోయారు. హార్వర్డ్ వాళ్ళు బంతి కోసం వెతుకుతుంటే డిలన్ చివరి గీత దాటేశాడు. ఆట మాత్రం 12-11తో హార్వర్డే గెలిచింది. ఆ పిల్లల వైపు నా మనసు పూర్తిగా ఉంది. అయినా చొక్కాలో దాచిన బంతికి పైఎత్తు లేదు, చొక్కాలు తడిమి చూడడం తప్ప. తరవాత దాన్ని నిషేధించడం సబబే. అదే బడి, అదే కోచ్ పాప్ వార్నర్ 1912లో జిమ్ థోర్ప్‌తో ఆర్మీని 27-6తో ఓడించినప్పుడు ఏమీ దాచలేదు. వింగ్ మోహరింపుతో, కళ్ళముందే ఓడించారు.

2015 జనవరిలో పేట్రియట్స్ బాల్టిమోర్ రేవన్స్ మీద చేసింది ఈ రెండింటి మధ్యలో ఉంది. 28-14తో వెనకబడి ఉండగా, 34వ నంబరు షేన్ వెరీన్ ఈ డౌన్‌లో పాస్ పట్టడానికి అనర్హుడని రిఫరీకి చెప్పి, వాడిని పాస్ పట్టే రిసీవర్ నిలబడే చోటే నిలబెట్టారు. మామూలుగా పాస్ పట్టని టాకిల్ చోటులో ఉన్న 47వ నంబరు హూమనవనూయికి బంతి వెళ్ళింది. రిఫరీ మైకులో చెప్పాడు, కానీ చెప్పిన కొద్ది సెకన్లకే బంతి కదిలింది. రేవన్స్ కోచ్ జాన్ హార్బా మైదానంలోకి వచ్చి మరీ పెనాల్టీ వేయించుకున్నాడు. 35-31తో పేట్రియట్స్ గెలిచింది. ఆ తరవాత వృత్తి జట్ల లీగ్ ఏం చేసిందో చూడండి. ఎత్తును చంపలేదు. అర్హత నంబరుండి అనర్హుడిగా ప్రకటించుకున్నవాడు మధ్య లైన్ హద్దుల్లోనే నిలబడాలని ఒక చిన్న సవరణ చేసింది. ఏ-11కి కూడా అంత మాత్రం చేసి ఉండొచ్చు. ఒక సెకను బదులు మూడు సెకన్లు కదలకుండా ఉండమని చెబితే అంపైర్లకూ అవతలి పిల్లలకూ చూసుకునే వీలు దొరికేది.

నా కొలబద్ద తడబడే చోటూ ఉంది. ఫిలడెల్ఫియా ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్‌ను వెనక నుంచి తోసే టష్ పుష్. దాంట్లో దాచింది ఏమీ లేదు, ఏం చేయబోతున్నారో స్టేడియం మొత్తానికి తెలుసు. అయినా పైఎత్తు దొరకలేదు. 2025 మేలో నిషేధం కోసం 32 జట్లు ఓటు వేస్తే 22 కావాలన్నాయి, 10 వద్దన్నాయి. నిషేధానికి కావాల్సిన 24 రాలేదు కాబట్టి బతికింది. నేనైతే ఆ పదింటి వైపే ఉండేవాణ్ణి. కానీ ఒకరి వీపు మీద ఒకరు పడే ఆ గుట్టను చూసినప్పుడల్లా ఫ్లయింగ్ వెడ్జ్ గుర్తొస్తుంది, నా ఓటు మీద నాకే అనుమానం వస్తుంది. ఈ ముడి నాకింకా విడలేదు.

అక్టోబరు

మూడు వారాల తరవాత మళ్ళీ మా మైదానంలోనే ఆట. ఈసారి మా కోచ్ ఆటకు ముందే కాగితం మీద బొమ్మ గీసి అంపైర్లకు చూపించాడు. సెంటర్ చివర ఉంటాడు, నంబరు 84, పట్టుకుంటే చెల్లుతుంది కదా అని అడిగి ఔననిపించుకున్నాడు. ముందే అడిగితే ఎంత తేలికో అనుకున్నాను.

రెండో క్వార్టర్లో టచ్‌డౌన్ వచ్చింది. పిల్లలు ఎడమకు జరిగారు. మా వాడు ఒక్కడే బంతి మీద వంగాడు. అవతలి వైపు నుంచి బక్కగా, పొడుగ్గా ఉన్న ఒక కుర్రాడు గుంపుకేసి పరిగెత్తబోయి ఆగాడు. బంతిని చూశాడు, మా వాడి కుడి పక్కన ఖాళీని చూశాడు. వెనక్కొచ్చి మా వాడి ఎదురుగా నిలబడి, ఇంకొకణ్ణి కూడా కేక వేసి పిలిచాడు.

మా కోచ్ చెయ్యి ఊపాడు. పిల్లలు గుంపు వదిలి మామూలు వరసలోకి వచ్చారు. బంతి తన్నారు. ఒక్క పాయింటు.

నేను కర్రను రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. లేకపోతే ఆ పొడుగు కుర్రాడికి చప్పట్లు కొట్టేవాణ్ణి.